నీవ్ అనే ఐరిష్ పేరు మా పాపకు పెట్టవచ్చునా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఆరేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాము. పన్నెండు రోజుల క్రితం మాకు పాప పుట్టింది. మా వాళ్ళెవరూ పక్కన లేని ఆ రాత్రి నా చెయ్యి వదలకుండా కూర్చున్న నర్సు పేరు నీవ్. ఆ పేరే పాపకు పెట్టుకోవాలని నా మనసులో పడింది. పాపది స్వాతి నక్షత్రం రెండవ పాదం. 'రే' అక్షరం వచ్చింది కనుక రేవతి అని పెట్టాలని మా అత్తగారు అంటున్నారు. "నీవు అనేది పేరెలా అవుతుంది? అది కిరస్తానీ పేరేమో కూడా తెలియదు" అన్నది ఆవిడ మొదటి అభ్యంతరం. ఆ పేరుగల రాజకుమార్తెను పెళ్ళాడినవాడు గుర్రం మీదనుంచి పడి క్షణంలో ముసలివాడైపోయాడనే కథ మా మరిది ఎక్కడో చదివి చెప్పినప్పటినుంచి, అది అరిష్టం అని కూడా అంటున్నారు. అక్షరాలు పలికినట్టుగా లేవు కనుక మార్చి తేలికగా రాద్దామని మా వారి ఆలోచన. ఇరవై ఒకటవ రోజున నామకరణం. ఈ పేరు ఎక్కడిది, దీని అర్థం ఏమిటి, మా పాపకు పెట్టవచ్చునా, పెడితే ఎలా రాయాలి?

జవాబు: అమ్మా, ముందుగా మీకూ పాపకూ నా ఆశీస్సులు. కన్నవారు దగ్గర లేని వేళ చెయ్యి పట్టుకున్న మనిషి పేరును బిడ్డలో నిలుపుకోవాలనే కోరిక చాలా మంచిది. మేలు చేసినవారి పేరు పిల్లలకు పెట్టుకోవడం మన ఇళ్ళలోనూ తరతరాలుగా ఉన్నదే. కాబట్టి ఆ కోరికను సమర్థించుకోవలసిన అవసరం మీకు లేదు. ఆ పేరు గురించి సరిగ్గా తెలుసుకుంటే మీ అత్తగారి సందేహాలు కూడా చాలావరకు తీరుతాయని నా నమ్మకం.

అర్థంతో మొదలుపెడతాను. ఐరిష్ భాషలో ఈ మాట మొదట వ్యక్తి పేరు కాదు, మామూలు నామవాచకమే. వెలుగు, మెరుపు, తళతళలాడే కాంతి అని దాని అర్థం. ప్రాచీన ఐరిష్ రచనల్లో కనిపించే ఈ మాట నేటి ఐరిష్ నిఘంటువుల్లోనూ అదే అర్థంతో ఉన్నది. దీనినుంచే పుట్టిన 'నియవ్రఖ్' అనే విశేషణానికి కాంతులీనేది అని అర్థం. అంటే మన దీప్తి, ప్రభ, తేజస్విని ఏ కోవకు చెందినవో ఇదీ ఆ కోవకే చెందిన పేరు. పిల్లల పేర్ల జాబితాల్లో కొన్నిచోట్ల దీనికి మంచు అనో, రాణి అనో అర్థాలు రాస్తూ ఉంటారు. మంచు అనే అర్థం ఇటాలియన్, పోర్చుగీసు భాషల్లో ఇంచుమించు ఇలాగే వినిపించే మరో మాటది. రాణి అనే అర్థం కథలోని పాత్రను చూసి ఎవరో కల్పించుకున్నది. ఈ రెండింటినీ మీరు పట్టించుకోనవసరం లేదు.

ఇది క్రైస్తవ పేరేమోనన్న సందేహానికి సమాధానం సూటిగానే చెప్పవచ్చు. ఐర్లండ్‌లో పాట్రిక్, బ్రిజిడ్ వంటి పేర్లు అక్కడి సాధువులను తలచుకుని పెట్టేవి, వాటికి మతంతో ముడి ఉన్నది. నీవ్ అటువంటిది కాదు. క్రైస్తవం రాకముందునుంచీ ఆ దీవిలో చెప్పుకుంటూ వచ్చిన వీరగాథల లోకానికి చెందిన పేరు ఇది. ఉత్తరాన ఉన్న అల్స్టర్ ప్రాంతపు గాథల్లోనూ ఈ పేరుగల స్త్రీలు కనిపిస్తారు. అయితే జనం గుండెల్లో నిలిచిపోయినది మాత్రం ఒక్కరే. ఆమె ఐరిష్ వారు 'నీవ్ ఖిన్ ఓర్' అని పిలుచుకునే బంగారు జుట్టు నీవ్. మీ మరిది చదివినది ఆమె కథే. దానిని సగం వింటే అపశకునంలాగానే తోస్తుంది కనుక మొత్తం చెప్పుకుందాం.

ఫిన్ మక్ కూల్ అనే నాయకుడి వెంట ఫియన్నా అనే వీరుల దళం ఉండేది. వారు ఒక ఉదయం లేన్ సరస్సు దగ్గర, అంటే నేటి కెర్రీ కౌంటీలోని కిల్లార్నీ దగ్గర, వేటాడుతూ ఉండగా పడమటి దిక్కునుంచి తెల్లని గుర్రం మీద ఒక యువతి వచ్చింది. తాను టీర్ నా నోగ్ రాజు కుమార్తెననీ, ఫిన్ కొడుకు ఒషీన్ కీర్తి విని అతన్ని వరించి వచ్చాననీ చెప్పింది. టీర్ నా నోగ్ అంటే యౌవన భూమి. అక్కడ ముసలితనం లేదు, రోగం లేదు, చావు లేదు. ఒషీన్ యోధుడే కాక కవి కూడా. అతను ఆమె వెనుక గుర్రమెక్కగా ఇద్దరూ సముద్రం మీదుగా ఆ లోకానికి వెళ్ళారు. అక్కడ వారికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. కొడుకులలో ఒకడికి తాత పేరు ఫిన్ అనీ, మరొకడికి ఆస్కర్ అనీ పెట్టారు. కూతురి పేరు 'ప్లూర్ నా మన్', అంటే స్త్రీలలో పువ్వు అని. పరలోకపు రాణి సైతం తన బిడ్డకు అత్తింటివారి పేరు పెట్టుకున్న సంగతి మీ అత్తగారికి చెప్పండి, ఆవిడ సంతోషిస్తారు.

కొంతకాలానికి ఒషీన్‌కు తండ్రి మీద, స్నేహితుల మీద బెంగ పుట్టింది. నీవ్ వద్దనలేదు. తన తెల్ల గుర్రాన్నే ఇచ్చి, ఐర్లండ్ నేలమీద మాత్రం కాలు మోపవద్దని మూడుసార్లు హెచ్చరించి పంపింది. అతను వచ్చి చూస్తే తండ్రి లేడు, ఫియన్నా లేదు, కోటలున్న చోట గడ్డి మొలిచి ఉన్నది. తన లెక్కలో కొద్ది ఏళ్ళే అయిన కాలం ఇక్కడ మూడు వందల ఏళ్ళు. డబ్లిన్ నగరానికి దక్షిణాన ఉన్న గ్లెనస్మోల్ లోయలో కొందరు మనుషులు ఒక బండరాయిని ఎత్తలేక అవస్థ పడుతూ ఉంటే, సాయం చేయడానికి అతను గుర్రం మీదనుంచే వంగాడు. జీను పట్టీ తెగింది. కింద పడినవాడు పడినట్టే ముదుసలి అయ్యాడు, గుర్రం వెనుదిరిగి వెళ్ళిపోయింది. ఆ తరువాత అతను పాట్రిక్ సాధువును కలిసి పాత వీరుల కథలన్నీ చెప్పాడనీ, అందువల్లనే అవి మనకు మిగిలాయనీ ఐరిష్ సంప్రదాయం చెబుతుంది. ఫియన్నాలో మిగిలిన వృద్ధులు పాట్రిక్‌తో సంభాషించడం ఇతివృత్తంగా సుమారు 1200 నాటి ఒక పెద్ద రచన ఉన్నది. నీవ్ కథను ఇప్పుడు మనం వింటున్న రూపంలో పద్యంగా కూర్చినది క్లేర్ కౌంటీకి చెందిన మీహాల్ కోమీన్ అనే కవి అంటారు. ఆయనది 18వ శతాబ్దం. 1889లో ఐరిష్ కవి యేట్స్ ఒషీన్ సంచారాల మీద ఆంగ్లంలో దీర్ఘకావ్యం ప్రచురించడంతో ఐరిష్ రాని పాఠకులకు కూడా ఆమె పరిచయమైంది.

ఈ కథలో నీవ్ చేసిన కీడు ఏమున్నదో మీ అత్తగారినే ఆలోచించమనండి. ఆమె వరించింది, ఆదరించింది, భర్త సొంత ఊరు చూడాలంటే అడ్డుపడక తన వాహనమే ఇచ్చింది, జరగబోయే ప్రమాదాన్ని దాచకుండా చెప్పింది. అతను పడిపోయినది ఆమె శాపం వల్ల కాదు, పరాయివారి బరువుకు చెయ్యి అందించబోయి. అటువంటి కథలోని ఆడపడుచు పేరును ఐర్లండ్‌లో తల్లులు ఏ జంకూ లేకుండా తమ కూతుళ్ళకు పెట్టుకుంటున్నారు. మనం మాత్రం సీతమ్మ పడ్డ కష్టాలు తెలిసీ ఇంటింటా సీత పేరు పెట్టుకోలేదా? పేరు పెట్టేటప్పుడు మనం ఆవిడ గుణాన్ని తలచుకుంటాం, కష్టాన్ని కాదు.

ఇంకొక సంగతి ఉన్నది. మీ ఉత్తరం చదువుతూ నేను ఎక్కువసేపు ఆగిపోయినది అక్కడే. మీ అత్తగారు కోరుతున్న రేవతి కథ భాగవతం నవమస్కంధంలో ఉన్నది. కుశస్థలిని ఏలిన కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళాడు. అక్కడ గానం సాగుతూ ఉండగా క్షణకాలం వేచి ఉన్నాడు. ఆ తరువాత తాను మనసులో పెట్టుకున్న వరుల సంగతి విన్నవించుకుంటే బ్రహ్మ నవ్వి, భూలోకంలో ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయనీ, ఆ వరులే కాదు, వారి మనుమల గోత్రాలు కూడా ఇప్పుడు వినబడవనీ చెప్పాడు. తండ్రీ కూతుళ్ళు తిరిగి వచ్చేసరికి తమ ఊరు తమది కాదు, తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. బ్రహ్మ చెప్పిన మేరకు రేవతిని బలరాముడికి ఇచ్చి పెళ్ళి చేసి కకుద్మి తపస్సుకు వెళ్ళిపోయాడు. పూర్వయుగపు మనిషి కావడంతో ఆమె మరీ పొడవుగా ఉన్నదని బలరాముడు నాగలి మొనతో ఆమెను తన కాలానికి తగినట్టు తగ్గించాడని విష్ణుపురాణం చెబుతుంది.

చూశారా, ఒక క్షణం ఇంకోచోట యుగాలై గడిచిపోవడమే ఈ రెండు కథలకూ ప్రాణం. పడమటి సముద్రం అంచున ఉన్న ఆ దీవిలోనూ, మన పురాణాల్లోనూ వేరు వేరుగా చెప్పుకున్న ఈ కథలను ఒకే మూలంనుంచి వచ్చాయని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ దూరదేశం వెళ్ళి తిరిగి వచ్చినవారికి సొంత ఊరు పరాయిదైపోవడం అనే దుఃఖం రెండు జాతులకూ తెలిసినదే. ఆరేళ్ళ తరువాత గుంటూరు వెళ్ళినప్పుడు ఆ దుఃఖం కొంచెం మీకూ తెలిసే ఉంటుంది. ఒషీన్ కథ అరిష్టమైతే రేవతి కథ కూడా అరిష్టమే కావాలి కదా. రేవతి పేరును మనం ఎన్నడూ అలా అనుకోలేదు.

ఇక పలుకుబడి, రాత సంగతి. ఈ పేరును ఆంగ్ల లిపిలో ఎన్, ఐ, ఎ, ఎమ్, హెచ్ అనే అయిదు అక్షరాలతో రాస్తారు. మొదటిసారి చూసిన తెలుగువారు దానిని 'నియామ్' అనో 'నియమ్' అనో చదువుతారు, అది సహజం. వకారం ఎక్కడా లేని రాతలోనుంచి నీవ్ అనే పలుకు ఎలా వచ్చిందన్నది మీ వారి అనుమానం. ఐరిష్ రాతలో సంప్రదాయికంగా ఉన్న అక్షరాలు పద్దెనిమిదే. వాటిలో వకారానికి ప్రత్యేకంగా అక్షరం లేదు. మకారం గానీ బకారం గానీ కొన్ని స్థానాల్లో మెత్తబడి వకారంగా మారడం ఆ భాషలో నియమం. పాత ఐరిష్ అచ్చులో అలా మెత్తబడిన మకారం మీద ఒక చుక్క పెట్టేవారు. గత శతాబ్దంలో రోమన్ అచ్చుకు మారినప్పుడు ఆ చుక్కకు బదులుగా పక్కన హెచ్ అక్షరం చేర్చారు. కాబట్టి ఈ పేరు చివరనున్న ఎమ్, హెచ్ రెండూ కలిసి ఒకటే ధ్వని, అది వకారం. షివాన్ అనే పేరులో బి, హెచ్ కలిసి వకారమైనది కూడా ఇలాగే.

ఇది వింతగా తోచవచ్చు గానీ, తెలుగువారికి ఇది వింత కాకూడదు. మనం 'మామిడికాయ' అని రాసి 'మావిడికాయ' అని పలుకుతాం. 'మామయ్య' అని రాసి 'మావయ్య' అని పిలుస్తాం. రెండు అచ్చుల మధ్య మకారం మెత్తబడి, ముక్కు ధ్వని కాస్త అంటిన వకారంగా మారడం మన నోళ్ళలో నిత్యం జరిగేదే. ప్రాచీన ఐరిష్‌లో ఈ పేరు చివరి ధ్వని కూడా అచ్చంగా అటువంటి అనునాసిక వకారమే. కాలక్రమంలో ఆ ముక్కు ధ్వని పోయింది, రాతలో మకారం గుర్తుగా మిగిలింది. రాతలో మకారం, నోటిలో వకారం ఎందుకో మావయ్య అని పిలిచే ఇంట్లో వివరించడం కష్టం కాదు.

ఐరిష్ మాట్లాడేవారి నోట ఈ పేరు 'నియవ్' అన్నట్టు, ఇకారం మీదనుంచి అకారంలోకి జారుతూ వినిపిస్తుంది. ఆంగ్లమే ఇంటి భాషగా ఉన్న అత్యధిక ఐరిష్ కుటుంబాల్లో అది సూటిగా 'నీవ్'. ఉత్తరాది మాండలికంలో చివరి ధ్వనికి పెదవులు గుండ్రమై ఉకారం వైపు ఒరుగుతుంది. తెలుగు అజంత భాష, ప్రతి మాటనూ అచ్చుతో ముగించడం మన నాలుకకు అలవాటు. అందువల్ల మీ అత్తగారు ఎంత జాగ్రత్తగా పలికినా అది 'నీవు' అయి తీరుతుంది. ఆవిడ తప్పు పలుకుతున్నారని ఎవరూ సరిదిద్దవద్దు. ఆ పలుకు ఐర్లండ్ ఉత్తరాన ఉన్నవారి పలుకుకు అంత దూరమేమీ కాదు.

నీవు అనేది సర్వనామం కనుక పేరెలా అవుతుందన్న ప్రశ్నలో న్యాయం ఉన్నది, దానిని తోసిపుచ్చను. అయితే నేటి మాటల్లో మనం సాధారణంగా వాడేది 'నువ్వు'. 'నీవు' అనే రూపం పద్యాల్లోనూ, కీర్తనల్లోనూ, దేవుణ్ణి ఎదుట నిలుపుకుని మాట్లాడే చోటా ఎక్కువగా మిగిలి ఉన్నది. ఇంట్లో పిలిచేటప్పుడు ఏదో ఒక ముద్దు ప్రత్యయం చేరడం మన అలవాటు కనుక 'నీవమ్మా', 'నీవూ తల్లీ' అని పిలుపులు వాటంతట అవే ఏర్పడతాయి. అప్పుడు గందరగోళం ఉండదు. ఐరిష్ భాషలోనూ మనకున్నట్టే సంబోధనకు ప్రత్యేక రూపం ఉన్నది. పేరుకు ముందు 'అ' చేర్చి 'అ నియవ్' అని పిలుస్తారు. మకారంతో మొదలయ్యే పేర్లయితే ఆ పిలుపులో మకారం కూడా వకారమైపోతుంది. మీ పాప అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఐరిష్ నేర్చుకునేటప్పుడు ఈ సంగతులు తనే వచ్చి మీకు చెబుతుంది.

ఎంతమందికి ఈ పేరు ఉన్నదని కూడా తెలుసుకోవడం మంచిది. ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, కథ ఇంత పాతదైనా ఐరిష్ అమ్మమ్మలు, నాయనమ్మల తరాల్లో ఈ పేరు అరుదు. ఐర్లండ్‌లో అందరి జననాలనూ ప్రభుత్వం నమోదు చేయడం మొదలైనది 1864లో. అప్పటికి పరిపాలన ఆంగ్లంలో జరుగుతూ ఉండేది. ఇంట్లో పిలిచే ఐరిష్ పేరు ఏదైనా దస్తావేజులో మేరీ, బ్రిజెట్, మార్గరెట్ వంటి ఆంగ్ల రూపమే ఎక్కేది. 1893లో డగ్లస్ హైడ్, ఓవెన్ మక్‌నీల్ మొదలైనవారు గేలిక్ లీగ్ అనే భాషా సంఘాన్ని స్థాపించిన తరువాత పాత గాథల్లోని పేర్లను పిల్లలకు పెట్టుకోవడం ఒక ఆత్మగౌరవ చిహ్నంగా మారింది. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడి బడుల్లో ఐరిష్ బోధన స్థిరపడటంతో ఆ పేర్లు చదవగలిగిన తరాలు తయారయ్యాయి. నీవ్ అలా పుస్తకాలనుంచి ఊయలలోకి వచ్చిన పేరు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అది విరివిగా వ్యాపించి దేశంలోని ముందువరుస ఆడపిల్లల పేర్లలో ఒకటైంది, సముద్రం దాటి బ్రిటన్‌లోనూ పరిచితమైంది. కార్క్ కౌంటీలోని మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊళ్ళో 1993లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఐర్లండ్‌ను గెలిపించిన గాయని పేరు నీవ్ కావనా. ఐరిష్ నౌకాదళం తన ఓడలకు పురాణ స్త్రీల పేర్లు పెట్టే రోజుల్లో, 2001లో, ఒక గస్తీ నౌకకు ఈ పేరు పెట్టింది. 2015 ఆగస్టులో లిబియా తీరానికి దూరంగా శరణార్థుల పడవ మునిగినప్పుడు ఆ నౌక సిబ్బంది 367 మందిని నీళ్ళలోనుంచి కాపాడారు. పడినవారికి చెయ్యి అందించిన నీవ్‌లలో మీ నర్సుతోపాటు ఆ ఓడను కూడా నేను లెక్క వేసుకుంటాను.

ఇప్పుడు ఆ వెల్లువ తగ్గింది. అక్కడ కొత్తగా పుట్టే ఆడపిల్లలకు ఫియా వంటి వేరే ఐరిష్ పేర్లు ఎక్కువగా పెడుతున్నారు. 2021లో ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం ఫియాదే. అందువల్ల నీవ్ అందరికీ తెలిసిన పేరు, కానీ తరగతిలో ముగ్గురికి ఉండే పేరు కాదు. డబ్లిన్ బడిలో ఏ టీచరూ దీనిని తప్పు చదవరు. మన పిల్లలు చాలామందికి హాజరు పిలిచే ప్రతి ఉదయం తమ పేరు ముక్కలవడం అనుభవమే, మీ పాపకు కనీసం ఆ ఒక్క ఇబ్బంది ఉండదు. ఒకవేళ ముందుముందు మీరు ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వైపు స్థిరపడితే, అక్కడ ఐరిష్ భాషా పేరును బట్టి మనిషి కాథలిక్ వర్గమో ప్రొటెస్టంట్ వర్గమో ఊహించే అలవాటు కొందరికి ఇంకా ఉన్నదని తెలిసి ఉండటం మేలు. దానికోసం పేరు మానుకోవలసిన పని మాత్రం లేదు.

మీ వారి సూచన విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను, మన్నించండి. అక్షరాలు మార్చవద్దు. పలికినట్టు ఎన్, ఇ, ఇ, వి అని రాస్తే ఐర్లండ్‌లో అది అసలు రాత తెలియనివారు రాసినట్టు కనిపిస్తుంది. ఇండియాలో అది మరో పేరైపోతుంది. హిందీలో 'నీవ్' అంటే పునాది, ఆ పేరు మగపిల్లలకు పెడుతున్నారు. అంటే తేలిక కోసం చేసిన మార్పు వల్ల అర్థమూ పోతుంది, పాప ఆడపిల్ల అన్న సూచనా పోతుంది. రాతలో మిగిలిన ఆ మకారమే ఈ పేరుకు వెలుగు అనే పాత మాటతో ఉన్న బంధం. పైగా ఈ పేరులో దీర్ఘాన్ని సూచించే ఏటవాలు గీత లేదు. అటువంటి గీత ఉన్న ఐరిష్ పేర్లను కంప్యూటర్ వ్యవస్థలు చాలాచోట్ల సరిగ్గా స్వీకరించక, ఒక పత్రంలో గీతతోనూ ఇంకొక పత్రంలో గీత లేకుండానూ నమోదై ఇబ్బందులు వస్తాయి. మీకు ఆ బెడద లేదు. జనన ధ్రువపత్రంలో ఎలా ఉంటే పాస్‌పోర్టు మొదలుకొని అన్ని కాగితాల్లోనూ అలాగే ఉండేటట్టు చూసుకుంటే చాలు. అక్షరాలు బొత్తిగా కుదరవనిపిస్తే 'నియా' అనే రూపం ఉన్నది. ఇదే కథానాయికను వేల్స్ దేశపు భాషలో నియా అంటారు, అక్కడ అది ప్రసిద్ధమైన పేరే. కానీ మీ చెయ్యి పట్టుకున్నావిడ పేరు నియా కాదు కదా.

చివరగా, చేయవలసిన పని. ఐర్లండ్‌లో బిడ్డ పుట్టిన మూడు నెలల లోపు జననాన్ని నమోదు చేయించాలి. కాబట్టి ఇరవై ఒకటవ రోజుకే దస్తావేజు తేలిపోవాలన్న ఆందోళన పెట్టుకోకండి. జన్మనామం ఒకటి, వ్యవహారనామం ఒకటి ఉండటం మన ఆచారంలో ఎప్పటినుంచో ఉన్నదే. స్వాతి రెండవ పాదానికి 'రే' అక్షరం శాస్త్రోక్తం, దానిని మీ అత్తగారు పట్టుకోవడం సబబే. నా సలహా ఏమిటంటే, పాపను 'నీవ్ రేవతి' అని నమోదు చేయించండి. రెండూ మొదటి గడిలోనే, ఈ వరుసలోనే రాసి, ఇంటిపేరును అక్కడి పద్ధతి ప్రకారం చివరి గడిలో ఉంచండి. డబ్లిన్‌లో ఆమె నీవ్, గుంటూరులో నాయనమ్మకు రేవతి. పెద్దయ్యాక తనకు ఏది దగ్గరైతే దానితో పిలిపించుకుంటుంది. కాలాన్ని దాటి వచ్చిన ఇద్దరి పేర్లూ తనవేనని తెలిసినప్పుడు, రెండు కథలనూ అడిగి చెప్పించుకుంటుంది కూడా. ఆ రోజుకు మీరు సిద్ధంగా ఉండటానికే నేను వాటిని ఇంత విడమరచి రాశాను.

నామకరణం నాడు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేటప్పుడు ముందు రేవతి అని మీ అత్తగారిచేత రాయించండి. దాని పక్కన మీరు నకారానికి దీర్ఘమైన గుడి పెట్టి, వకారం మీద పొల్లు ఉంచి 'నీవ్' అని రాయండి. ఆవిడ ఆ పొల్లు వదిలేసి కొమ్ము పెట్టి 'నీవు' అని రాస్తే దానిని చెరపకండి.